పండ్ల గుజ్జు నింపిన సోర్‌డో డోనట్లు: ఏ పిండికి ఏ పండు?

సోర్‌డో అంటే పిండి, నీరు కలిపి సహజంగా పులియబెట్టిన స్టార్టర్‌తో పొంగించే పిండి. పండు నింపిన సోర్‌డో డోనట్లు ఇంట్లో చేయాలనుకోగానే సందేహాలు వరుస కడతాయి. స్టార్టర్ ఒక్కటే చాలా, కాస్త ఈస్ట్ కూడా వేయాలా? మామిడి పెట్టాలా, స్ట్రాబెర్రీ పెట్టాలా? నూనెలో వేయించాలా, ఓవెన్‌లో కాల్చాలా? వీటికి విడివిడిగా జవాబులు వెతుక్కుంటే చివరికి అతకవు. బాగా పులిసిన పిండిలో పుల్లటి పండు పెడితే తినేవారి పళ్లు పులిసిపోతాయి. నీరున్న గుజ్జును వేయించకముందే లోపల పెడితే బాణలిలో పగిలి నూనె చిందుతుంది. అందుకే పిండిని, పండును జంటగా ఎంచుకోవాలి. మిగిలిన నిర్ణయాలు ఆ జంటను బట్టి తేలతాయి.

ఇక్కడ చెబుతున్నది నడుమ చిల్లు ఉండే అమెరికా డోనట్ గురించి కాదు. జర్మనీ బెర్లినర్, ఆస్ట్రియా క్రాప్‌ఫెన్, పోలండ్ పోంచ్కి, ఇటలీ బొంబొలోనె కోవకు చెందిన గుండ్రటి, లోపల నింపిన రకం. ఆస్ట్రియాలో ఆప్రికాట్ జామ్, పోలండ్‌లో గులాబీ రేకుల జామ్ లేదా ప్లమ్ పండ్ల ముద్ద, హనుకా పండుగకు యూదులు చేసే సుఫ్గానియోత్‌లో ఎర్రటి జామ్ పెడతారు. వీటన్నిటిలోనూ లోపలికి వెళ్లేది దగ్గరగా ఉడికించినదే, పచ్చి పండు కాదు. ఆ సంగతి గుర్తుంటే సగం చిక్కులు రావు.

## ముందుగా చూసుకోవలసినవి

మొదటిది మీ వంటింటి వేడి. సోర్‌డో వంటకాలు చాలావరకు 24 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ గదిని మనసులో పెట్టుకుని రాసినవి. విజయవాడలో మే నెలలో వంటిల్లు 36 డిగ్రీలుంటే ఆ గంటల లెక్కలు పనికిరావు. పిండి సగం సమయంలోనే పొంగుతుంది, వెన్న కరిగి చేతికి జిడ్డుగా తగులుతుంది, పులుపు పెరుగుతుంది. చలిదేశాల్లో ఉన్నవారికి దీనికి పూర్తిగా వ్యతిరేకం. 19 డిగ్రీల గదిలో అదే ముద్ద పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చుంటుంది.

రెండోది పులుపు మీద మీ ఇంట్లోవారి ఇష్టం. పిల్లల కోసం చేస్తుంటే పులిసిన వాసన తక్కువగా ఉండటమే మంచిది. మూడోది గుజ్జులోని నీరు, దీని గురించి కింద విడిగా చెబుతాను. నాలుగోది ఎప్పుడు తింటారన్నది. వేయించిన రెండు గంటల్లో తినేస్తారా, మర్నాటికి కూడా ఉండాలా?

ఖర్చును నేను లెక్కలోకి తీసుకోను. స్టార్టర్‌కు కావలసింది పిండి, నీరే. అసలు ఖర్చు నూనెది, అది ఏ దారిలో వెళ్లినా ఒకటే, ఓవెన్ దారిలో తప్ప.

## పోల్చడానికి ఒకే ముద్ద

పద్ధతులు పోల్చాలంటే పిండి ఒకటే ఉండాలి. సుమారు 12 డోనట్లకు మైదా 400 గ్రాములు, సమపాళ్లలో పిండి, నీరు కలిపి పెంచిన స్టార్టర్ 120 గ్రాములు, పాలు 150 మిల్లీలీటర్లు, ఒక కోడిగుడ్డు, ఇంకొక గుడ్డులోని పచ్చసొన, చక్కెర 50 గ్రాములు, వెన్న 50 గ్రాములు, ఉప్పు 7 గ్రాములు. వెన్న తప్ప మిగతావన్నీ ముందు కలిపి బాగా పిసికి, ముద్ద సాగడం మొదలయ్యాక వెన్నను కొద్దికొద్దిగా కలపాలి. చివరికి చిన్న ఉండ తీసి రెండు చేతుల వేళ్లతో సాగదీస్తే చిరగకుండా, అవతలి వెలుతురు కనిపించేంత పలుచటి పొర రావాలి. అక్కడిదాకా రాకపోతే పిసకడం ఆపకండి.

గుడ్డు తినని ఇళ్లలో గుడ్ల బదులు 60 గ్రాముల చిక్కటి పెరుగు వేయవచ్చు. మెత్తదనం కొంచెం తగ్గుతుంది, రంగు పాలిపోతుంది, అయినా నింపిన డోనట్‌లో ఆ తేడా పెద్దగా తెలియదు. కాకపోతే పెరుగు తన పులుపును తాను తెస్తుంది కాబట్టి పండు తియ్యటిదై ఉండాలి.

## పొంగించే మార్గాలు

| | స్టార్టర్ మాత్రమే | స్టార్టర్, చిటికెడు ఈస్ట్ | మిగులు స్టార్టర్, పూర్తి ఈస్ట్ |
|---|---|---|---|
| ఇన్‌స్టంట్ ఈస్ట్ | లేదు | అర టీస్పూను, సుమారు 1.5 గ్రాములు | ఒకటిన్నర టీస్పూన్లు, సుమారు 5 గ్రాములు |
| 27 డిగ్రీల దగ్గర మొదటి పొంగు | 4 నుంచి 6 గంటలు, ఆపైన రాత్రంతా ఫ్రిజ్ | సుమారు 2 గంటలు, వీలైతే రాత్రంతా ఫ్రిజ్ | గంట నుంచి గంటన్నర |
| ఉండలు చేశాక పొంగు | 3 నుంచి 4 గంటలు | గంట నుంచి గంటన్నర | 40 నిమిషాలు |
| పులుపు | తెలిసేంత | నాలుక చివర కాస్త | దాదాపు లేదు |
| చెడే అవకాశం | ఎక్కువ | తక్కువ | చాలా తక్కువ |

సోర్‌డో మీద మమకారం ఉన్నవారికి నా మాట నచ్చకపోవచ్చు గాని, మొదటిసారి చేసేవారికి నేను చెప్పేది నడుమ దారే. చిటికెడు ఈస్ట్ వేయడం మోసమేమీ కాదు. చక్కెర, వెన్న, గుడ్డు చేరిన ముద్ద స్టార్టర్‌కు బరువైన పని. చక్కెర ఎక్కువైతే అది పిండిలోని తేమను తనవైపు లాక్కుని ఈస్ట్ కణాల వేగం తగ్గిస్తుంది. రొట్టెను చక్కగా లేపే స్టార్టర్ కూడా ఈ ముద్ద దగ్గర తడబడుతుంది. సరిగా పొంగని డోనట్‌ను నూనె దాచిపెట్టదు. పైన ఎర్రగా కాలి, నడుమ పచ్చిగా, జిగురుగా మిగిలిపోతుంది.

స్టార్టర్ మాత్రమే వాడాలని పట్టుదల ఉంటే ఒక ఉపాయం ఉంది. మామూలు స్టార్టర్ బదులు గట్టి తీపి స్టార్టర్ చేసుకోండి: 20 గ్రాముల స్టార్టర్‌కు 60 గ్రాముల మైదా, 30 గ్రాముల నీరు, 10 గ్రాముల చక్కెర కలిపి ఉండ చేసి, మూడింతలు అయ్యేదాకా వదిలేయాలి. పులుపు పుట్టించే బ్యాక్టీరియాను ఆ చక్కెర కొంత అదుపులో పెడుతుంది, ఈస్ట్ పైచేయి అవుతుంది. ముద్ద గట్టిది కాబట్టి అసలు పిండిలో పాలు రెండు చెంచాలు ఎక్కువ పడతాయి.

వేసవిలో మరొక జాగ్రత్త. 35 డిగ్రీల గదిలో తనంత పిండి, తనంత నీరు మేతగా పెట్టిన స్టార్టర్ మూడు నాలుగు గంటల్లోనే పొంగి దిగిపోతుంది. దిగిపోయినదాన్ని వాడితే పులుపు వస్తుంది, బలం రాదు. సీసాకు రబ్బరు బ్యాండు పెట్టి చూస్తూ, పైభాగం ఇంకా ఉబ్బెత్తుగా ఉన్నప్పుడే కలపాలి. పాలు ఫ్రిజ్‌లోంచి తీసినవే వాడండి. స్టార్టర్ మాత్రమే వేసిన పిండి మొదటి పొంగును రెండున్నర గంటల దగ్గర ఆపి, గిన్నెను ఫ్రిజ్‌లోకి చేర్చండి.

ఇంట్లో ఎప్పుడూ ఉండే ఇడ్లీ పిండి కలిపితే సరిపోదా అనే ప్రశ్న కూడా వస్తుంది. ఇడ్లీ పిండిని పొంగించడంలో పెద్దపాత్ర ల్యూకోనోస్టాక్ వంటి బ్యాక్టీరియాది. అది వెన్న, చక్కెర పడిన మైదా ముద్దను లేపుతుందని నమ్ముకోలేం. ఇడ్లీ పిండిని ఇడ్లీలకే వదిలేయండి.

మూడో మార్గం, అంటే ఫ్రిజ్‌లో మిగిలిపోయిన స్టార్టర్‌ను రుచి కోసం వేసి ఈస్ట్‌తో పొంగించడం, సాయంత్రం అతిథులు వస్తున్నారంటే పనికొస్తుంది. రుచిలో సోర్‌డో అని చెప్పుకోవడానికి ఏమీ ఉండదు. పుల్లటి పండు పెట్టేవారికి మాత్రం అదే దాని లాభం.

## పండు

నీరు ఎంత ఉందన్నదే ఇక్కడ అసలు పరీక్ష. ఉడికించిన గుజ్జును చల్లటి పళ్లెంలో ఒక చెంచా వేసి, నడుమ వేలితో గీత గీయండి. గీత రెండు పక్కల నుంచీ మూసుకుపోతే ఇంకా ఉడకాలి, అలాగే నిలబడితే సిద్ధం. ఒక్కో డోనట్‌కు 25 గ్రాములు పడుతుంది కాబట్టి 12 డోనట్లకు 300 గ్రాముల చిక్కటి గుజ్జు చాలు.

ఖుబానీ. పూర్తిగా స్టార్టర్‌తో పొంగించిన పిండికి నా మొదటి ఎంపిక ఇదే. క్రాప్‌ఫెన్‌లో పెట్టే ఆప్రికాట్టే ఎండితే ఖుబానీ. హైదరాబాద్ పెళ్లి విందుల్లో ఖుబానీ కా మీఠా తిన్నవారికి దీని రుచి కొత్తగా చెప్పనక్కరలేదు. గింజతో ఉండే గోధుమరంగు ఖుబానీని రాత్రి నానబెట్టి, పొద్దున గింజలు తీసి, నానిన నీటితోనే సన్నటి సెగ మీద ఉడికించి మెదపాలి. ఎండిన పండు కాబట్టి నీరు మన చేతిలో ఉంటుంది, ఎంత కావాలో అంతే. తీపి ముదురుగా ఉండి పిండి పులుపును చక్కగా మోస్తుంది. చక్కెర చాలా కొద్దిగా చాలు. గింజ పగలగొడితే లోపల బాదంలాంటి పప్పు ఉంటుంది. మీఠాలో వేసే ఆ పప్పును చీల్చి, నింపిన రంధ్రం మీద ఒకటి గుచ్చితే అది మూతగా కూడా పనికొస్తుంది. తియ్యటి రకం పప్పయితేనే వాడండి, కొరికితే చేదుగా ఉన్నది పారేయండి. నారింజరంగులో మెరిసే టర్కీ ఆప్రికాట్లు దొరికితే అవీ బాగుంటాయి గాని, ఖుబానీ కన్నా కాస్త పులుపు. వాటిని నడుమ దారి పిండితో జత చేయండి.

జామ. దీన్ని ఎవరూ పట్టించుకోరు, అదే నా ఫిర్యాదు. జామలో పెక్టిన్ బాగా ఉంటుంది, అందుకే తనంతట తానే గట్టిపడుతుంది. బయటి నుంచి ఏ పొడీ కలపనక్కరలేదు. బాగా పండిన ఎర్ర జామకాయలను ముక్కలుగా కోసి, మునిగేంత నీటిలో మెత్తగా ఉడికించి, గింజలు పోయేలా జల్లెడలో రుద్దాలి. 350 గ్రాముల గుజ్జుకు 140 గ్రాముల చక్కెర, అర నిమ్మకాయ రసం. ఉడికేటప్పుడు బుడగలు మొదట చిటపటలాడతాయి, దగ్గరపడ్డాక నెమ్మదిగా, బరువుగా ఉబ్బి పగులుతాయి. అప్పుడు చేయి దూరంగా పెట్టండి, చుక్క మీద పడితే బొబ్బ ఖాయం. ఉడికించే పండ్లలో అన్ని రకాల పిండితోనూ కుదిరేది ఇదొక్కటే.

మామిడి. అందరూ అడిగేది, అందరికీ కష్టమనిపించేది. ఉడికిస్తే తాజా మామిడిపండు వాసన పోతుంది, ఉడికించకపోతే నీరు పోదు. మధ్యేమార్గంగా గుజ్జులో మూడింట రెండు వంతులు చక్కెరతో బాగా దగ్గరయ్యేదాకా ఉడికించి, చల్లారాక మిగిలిన వంతును పచ్చిగానే కలపండి. అలా కలిపినది ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచవద్దు. పీచు తక్కువ కాబట్టి బంగినపల్లి మేలు. రసాలు రుచిలో గొప్పవే, అయినా ఇక్కడ వద్దు: పలుచన, పీచు, నింపే గొట్టంలో అడ్డుపడతాయి. విదేశాల్లో డబ్బా గుజ్జు వాడేవారు అందులో ముందే చక్కెర ఉందేమో చూసుకుని తమ చక్కెర తగ్గించుకోవాలి.

మిగతావాటిని పట్టికలో చూడండి.

| పండు | ఇబ్బంది | ఏం చేయాలి | ఏ పిండికి |
|---|---|---|---|
| స్ట్రాబెర్రీ | పెక్టిన్ తక్కువ, పలుచన | నిమ్మరసం, కొంచెం జామ లేదా ఆపిల్ గుజ్జు కలిపి ఉడికించాలి | ఈస్ట్ ఎక్కువున్న పిండి |
| అనాస | పీచు; పచ్చిగా ఉంటే పాలు, గుడ్ల మాంసకృత్తులను విడగొట్టే ఎంజైము | మరిగించి, మెత్తగా రుబ్బి, మళ్లీ దగ్గర చేయాలి | ఈస్ట్ ఎక్కువున్న పిండి |
| ఆపిల్ | పెద్దగా లేదు | చిన్న ముక్కలు, దాల్చినచెక్క, నీరింకే దాకా | స్టార్టర్ పిండి |
| నేరేడు | వగరు | చక్కెర ఎక్కువ, జల్లెడ పట్టాలి | ఈస్ట్ ఎక్కువున్న పిండి |
| సీతాఫలం | వేడి చేస్తే చేదెక్కుతుంది | ఉడికించకుండా, గట్టిగా గిలక్కొట్టిన మీగడలో కలిపి, పూర్తిగా చల్లారిన డోనట్‌లో | ఏదైనా, అదే రోజు తినాలి |

అరటిపండు వద్దు. నల్లబడుతుంది, రుచీ నిలవదు.

కొన్న జామ్ వాడితే తప్పేం లేదు. సీసా జామ్ గట్టిగానే ఉంటుంది గాని తీపి మితిమీరి ఉంటుంది. నిమ్మరసం కలిపి ఒకసారి వేడిచేసి చల్లార్చుకుంటే మెరుగు. పైన చక్కెర అద్దడం అప్పుడు మానేయవచ్చు.

## ముందే పెట్టడమా, తర్వాత నింపడమా

బూరెలు చేసే చేతికి ముందే లోపల పెట్టి వేయించడమే సహజంగా తోస్తుంది. పూర్ణం బూరెలో అది కుదరడానికి కారణం పూర్ణంలో నీరు దాదాపు లేకపోవడం. పండ్ల గుజ్జు అలాంటిది కాదు. వేడి తగలగానే ఆవిరి పుట్టి, ముద్ద అతుకు దగ్గర దారి చేసుకుని బయటికి వస్తుంది. చక్కెర నూనెలో మాడి తర్వాతి వాయిలన్నిటికీ నల్లటి మచ్చలు అంటిస్తుంది. పైగా గుజ్జు బరువుకు కింది పిండి పొంగదు.

మామిడి తాండ్ర ఒక్కటి దీనికి మినహాయింపు. గోదావరి జిల్లాల నుంచి వచ్చే మందపాటి తాండ్రను రూపాయి బిళ్లంత ముక్కలు కోసి, రెండు మూడు దొంతరగా ఉండ నడుమ పెట్టి, అతుకు గట్టిగా నొక్కి మూయండి. ఎండిన పండు కాబట్టి పగలదు, వేడికి మెత్తబడి లోపల జిగిగా మారుతుంది. బాగా దగ్గరగా ఉడికించిన ఖుబానీ ముద్ద, ఆపిల్ ముక్కలు కూడా ఈ దారికి ఒప్పుకుంటాయి.

మిగతా అన్నిటికీ వేయించాక నింపడమే. డోనట్ గోరువెచ్చగా ఉండగా పక్కన, వేయించాక నడుము చుట్టూ మిగిలే లేతరంగు గీత దగ్గర, గరిటె కాడతో గుచ్చి, లోపల అటూ ఇటూ తిప్పి చోటు చేయాలి. ఆ తిప్పడం మానేస్తే పది గ్రాములు కూడా పట్టదు, నొక్కినకొద్దీ గుజ్జు వెనక్కి తన్నుకొస్తుంది. పైపింగ్ బ్యాగ్ లేకపోతే శుభ్రంగా కడిగి ఆరబెట్టిన పాల ప్యాకెట్ మూల కత్తిరించి వాడుకోవచ్చు. మీగడ కలిసిన గుజ్జయితే డోనట్ పూర్తిగా చల్లారాలి, లేకపోతే కరిగి అడుగున తడి చేస్తుంది.

## నూనె, ఓవెన్, ఎయిర్ ఫ్రైయర్

రుచిలో నూనెకు సాటి లేదు, దాని గురించి వాదించను. ఉండలను ఒక్కొక్కటిగా చిన్న బటర్ పేపర్ ముక్క మీద పెట్టి పొంగనివ్వండి. వేయించేటప్పుడు కాగితంతో సహా నూనెలోకి జారవిడిస్తే పట్టుకున్నచోట అణగదు, కాగితం రెండు మూడు క్షణాల్లో ఊడి వస్తుంది. వేలితో మెల్లగా నొక్కితే గుంట నెమ్మదిగా సగం దాకా వెనక్కి వచ్చినప్పుడే వేయించాలి. నూనె 170 డిగ్రీలు, ఒక్కో వైపు ఒకటిన్నర నుంచి రెండు నిమిషాలు. థర్మామీటర్ లేకుండా చేయడం సాధ్యమే: చిటికెడు పిండి వేస్తే కిందికి దిగి, వెంటనే బుడగలతో పైకి రావాలి, అర నిమిషంలోనే ఎర్రబడితే మంట తగ్గించాలి. నూనె మరీ చల్లగా ఉంటే పీల్చేస్తుంది, మరీ వేడైతే పిండిలోని చక్కెర ముందే మాడుతుంది. నడుము చుట్టూ లేత గీత వచ్చిందంటే ముద్ద సరిగ్గా పొంగి, సగం బయటే తేలిందని అర్థం.

ఓవెన్‌లో 190 డిగ్రీల దగ్గర 12 నుంచి 14 నిమిషాలు కాల్చి, తీయగానే కరిగిన వెన్న రాస్తే మంచి బన్ను వస్తుంది. దాన్ని డోనట్ అనడానికి నాకు మనసొప్పదు గాని, జామ గుజ్జు నింపితే ఇంట్లో ఎవరూ వద్దనరు. నూనె తగ్గించాలనుకునేవారికి ఎయిర్ ఫ్రైయర్ కన్నా నేను ఓవెన్‌నే చెబుతాను. ఎయిర్ ఫ్రైయర్ గాలి పైపొరను ఎండగొడుతుంది, ఒక వాయికి నాలుగే పడతాయి, మిగిలినవి ఈలోగా ఎక్కువ పొంగిపోతాయి. ఇద్దరు ముగ్గురున్న ఇల్లయితే 170 డిగ్రీల దగ్గర 6 నిమిషాలు, ముందూ వెనకా వెన్న రాసి, ప్రయత్నించవచ్చు.

## ఎవరికి ఏది

మొదటిసారి చేస్తున్నవారు చిటికెడు ఈస్ట్ పిండి, జామ గుజ్జు, నూనెలో వేయించాక నింపడం ఎంచుకోండి. శనివారం రాత్రి పిండి ఫ్రిజ్‌లో పెడితే ఆదివారం పొద్దుటి టిఫిన్ వేళకు సిద్ధమవుతాయి.

సోర్‌డో రొట్టె చేయడం చేయి తిరిగినవారికి గట్టి తీపి స్టార్టర్, ఖుబానీ. ఇందులో తొందర వద్దు. ఉండలు పొంగడానికి నాలుగు గంటలు పడితే పట్టనివ్వండి, గడియారాన్ని కాక వేలి గుంటను నమ్మండి.

మే నెలలో మామిడి కోసమే చేసేవారు స్టార్టర్ ఒక్కదాని మీద ఆధారపడవద్దు. వేడికి పిండి పులుపు మీరుతుంది, సున్నితమైన మామిడి వాసన అందులో కొట్టుకుపోతుంది. మిగులు స్టార్టర్, పూర్తి ఈస్ట్ దారిలో మామిడి బాగా పలుకుతుంది. గుజ్జు ఉడికించే ఓపిక లేకపోతే తాండ్ర ఉండనే ఉంది.

చలి ఊళ్లలో ఉన్నవారికి వెలిగించని ఓవెన్‌లో వేడినీళ్ల గిన్నె పక్కన ముద్దను పెట్టడం పాత ఉపాయమే, పనిచేస్తుంది. షికాగోలో గాని, డెట్రాయిట్ పక్కనున్న హామ్‌ట్రామిక్‌లో గాని ఉంటే, క్రైస్తవుల లెంట్ ఉపవాసాలకు ముందు వచ్చే కొవ్వు మంగళవారం నాడు పోలండ్ బేకరీల ముందు పోంచ్కి కోసం వరుసలు కనిపిస్తాయి. ఒకటి కొనుక్కుని సగానికి కోసి చూడండి. గుజ్జు ఎంత చిక్కగా ఉండాలో, పిండి ఎంత తేలికగా ఉండాలో కొలత తెలుస్తుంది.

నలభై మందికి చేయాల్సి వస్తే ముందు రోజే వేయించి, నింపకుండా, చల్లారాక గాలి తగలని డబ్బాలో ఫ్రీజర్‌లో పెట్టండి. తినే రోజు 160 డిగ్రీల ఓవెన్‌లో ఏడెనిమిది నిమిషాలు వేడిచేసి, గోరువెచ్చబడ్డాక నింపి, అప్పుడే పొడి చక్కెర అద్దండి. నింపినవాటిని మాత్రం ఫ్రీజర్‌లో పెట్టవద్దు.